చివరి వాయి

మొన్న మా ఊరి చర్చి కమిటీ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. సంఘం పెట్టి చాలా ఏళ్లయిందని ఒక ప్రత్యేక సంచిక వేస్తున్నారట. పేపర్లో పనిచేసి రిటైరయినదాన్ని కాబట్టి నేనొక వ్యాసం రాసివ్వాలట.

"దేని గురించి బాబూ?" అన్నాను.

"మీ చిన్నప్పటి క్రిస్మస్ గురించి ఆంటీ. అప్పట్లో మన ఊళ్లో బట్టీ ఉండేదంట కదా. టీచర్లు, కూలోళ్లు అని తేడా లేకుండా అందరూ పిండి తీసుకెళ్లి ఒకే బట్టీలో బిస్కెట్లు కాల్పించుకునేవాళ్లంట కదా. మా తాతయ్య చెప్పేవారు. హెడ్డింగు కూడా అనుకున్నాం. 'ఒకే బట్టీ, ఒకే కుటుంబం'. మీరొక తీపి జ్ఞాపకంలాగా రాసిస్తే చాలు."

సరే అన్నాను. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. అది పొంగి స్టవ్ మీద పడుతున్నా చూస్తూ నిలబడ్డాను, మంట తగ్గించలేదు.

ఆ అబ్బాయి తప్పేం లేదు. వాళ్ల తాతయ్య చెప్పింది విన్నాడు. ఒకే బట్టీ అన్నది నిజమే. నిజం అక్కడితో ఆగింది.

మాది గుంటూరు నుంచి ఒంగోలు వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. రోడ్డుకి ఒకవైపు మిరప, రెండోవైపు పత్తి. ఊరు దాటి, కాలవ దాటితే మా పల్లె. బస్టాండు వెనక సందులో రొట్టెల సాయిబు గారి బట్టీ ఉండేది. ఇటుకలతో కట్టి మట్టి మెత్తిన గుండ్రటి గూడు అది. దూరం నుంచి చూస్తే బర్రెగొడ్డు పడుకున్నట్టుండేది. ముందు ఒక చిన్న నోరు, దానికొక ఇనప రేకు తలుపు.

ఆ బట్టీ పనిచేసే తీరు చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. పొద్దున్నే లోపల తుమ్మ మొద్దులు పేర్చి మంట పెట్టేవారు. మొద్దులు కాలి నిప్పులయ్యాక ఆ నిప్పులన్నీ బయటికి లాగేసి, కర్రకి తడి గోనె చుట్టి లోపలి నేలంతా తుడిచేవారు. ఆ తర్వాత బట్టీలో నిప్పన్నది ఉండదు. ఇటుకలు తాగిన సెగే పని చెయ్యాలి. పొద్దున ఎంత ఉంటే అంత. అక్కణ్ణించి సాయంత్రం దాకా తగ్గడమే తప్ప పెరగడం లేదు. తలుపుకి సగం ఇటుక అడ్డం పెట్టి కొంచెం తెరిచి ఉంచడం, తడి గోనె ఇంకోసారి తిప్పడం, ఇవే సాయిబు గారి చేతిలో ఉన్న ఉపాయాలు. వాటితో సెగ తగ్గించగలడు. పెంచలేడు.

సెగ చూడ్డానికి ఆయన చిటికెడు పిండి తీసి లోపలి నేల మీద విసిరేవాడు. పిండి వెంటనే నల్లబడితే, "ఇంకా కోపంగా ఉంది" అనేవాడు. అప్పుడు రొట్టెలు పెట్టేవాడు. పిండి మెల్లగా గోధుమరంగుకి తిరిగితే, "ఆఁ, దారికొచ్చింది" అనేవాడు. అది బిస్కెట్ల సెగ. ఎక్కువసేపు ఉండేది కాదు. ఆ తర్వాత దిగిన సెగ కేకులకి. చివరికి పిండి వేసింది వేసినట్టు తెల్లగా ఉంటే, "నిద్రపోయింది" అని చేతులు దులుపుకునేవాడు.

క్రిస్మస్ ముందు ఒకరోజు ఆయన రొట్టెలు దించేశాక బట్టీని మా సంఘానికి వదిలేసేవాడు. ఆ రోజు ఆ సందు సందంతా వాసనే. డాల్డా, యాలకులు, గుడ్లు, కాలిన పంచదార. మేం పిల్లలం బట్టీ వెనక గోడకి వీపులు ఆనించి కూర్చునేవాళ్లం. డిసెంబరు చలికి ఆ గోడ మాకు దుప్పటి. ఖాళీ అయిన బిస్కెట్ల రేకులు బయటపడేస్తే, వాటికి అంటుకున్న మాడు చెక్కుల్ని గోళ్లతో గీక్కుని తినేవాళ్లం. రిక్షాలో కునుకు తీస్తున్న రిక్షా ఆయనకి బొగ్గుతో మీసాలు పెట్టి పరిగెత్తేవాళ్లం. పాపం ఆయన ఆ మీసాలతోనే పాస్టరు గారింటికి బేరం వెళ్లొచ్చేవాడు.

మా సంఘంలో కులం లేదు. ఆ మాట ప్రతి ఆదివారం చెప్పేవారు. కులం లేదు గానీ వరస ఉండేది.

ముందు పాస్టరు గారి రేకులు. తర్వాత సంఘపెద్దలవి. తర్వాత టీచర్లవి, హాస్టలు వార్డెనుగారివి. పిండి గోధుమరంగు తిరిగే ఆ మంచి సెగ అక్కడికి అయిపోయేది. తర్వాత కేకులు. అవీ వాళ్లవే. పల్లె నుంచి కేకు ఎవరు తెస్తారు? అన్నీ అయ్యాక, దీపాలు పెట్టేవేళకి, నిద్రపోయిన బట్టీలోకి చివరి వాయిగా మా పల్లె వాళ్ల రేకులన్నీ ఒకేసారి తోసి తలుపు మూసేవాళ్లు. తెల్లారి వచ్చి తీసుకోవాలి. కాలేవి కావు, ఎండేవి. పైన తెల్లగా, కొరికితే లోపల పచ్చిపిండి.

వరస ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ పెట్టలేదు. "సెగ తగ్గాక పెట్టుకుంటే మీవి మాడవమ్మా, మీకే మంచిది" అని పెద్దలు మాకు మేలు చేస్తున్నట్టు చెప్పేవారు. ఈ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు. చల్లారిన పొయ్యిని చేతికిచ్చి, కాలదులే అని ధైర్యం చెప్పడం.

ఇంకొక సంగతి. పెద్ద టీచరమ్మ గారి బిస్కెట్ల పిండి కలిపేది మా అమ్మే.

పెద్ద టీచరమ్మ గారంటే బడి హెడ్మాస్టరు గారి భార్య, ఆవిడ కూడా టీచరే. అమ్మ పొలం పనులు లేని రోజుల్లో వాళ్లింట్లో పని చేసేది. పంచదారలో యాలకులు వేసి రోట్లో దంచడం, డాల్డాని పెద్ద పళ్లెంలో వేసి అరచేత్తో వెన్నలాగా తెల్లబడేదాకా రుద్దడం, అందులో గుడ్లు కొట్టడం, పిండి కలపడం, అంతా అమ్మ చెయ్యే. ఇంటికొచ్చాక అదే చేత్తో అదే కొలతతో మా పిండి కలిపేది. తేడా ఏమన్నా ఉంటే కోతలోనే. వాళ్లు గుంటూరు నుంచి తెచ్చిన నక్షత్రం అచ్చుతో కోసేవాళ్లు. అమ్మ స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి, మధ్యలో కొయ్య దారపు రీలు అంచుతో నొక్కేది. చిన్న పువ్వు పడేది. ఎన్ని రేకులు కలిసిపోయినా ఆ పువ్వుని బట్టి మావి మాకు తెలిసిపోయేవి.

అదే పిండి, అదే పంచదార, అదే చెయ్యి. సెగ ఒక్కటే వేరు.

ఇంకా తవ్వితే, ఆ టీచరమ్మ గారి నాయనమ్మా మా నాయనమ్మా ఒకే చేలో పక్కపక్కన పత్తి తీసినవాళ్లు. ఒకే బావిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. వాళ్లింట్లో ఒకరు నాలుగక్షరాలు ముందు నేర్చుకున్నారు. దానికే మంచి సెగ అంతా వాళ్లదయిపోయింది.

క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక చర్చి ముందు తాటాకు పందిట్లో ప్రేమవిందు. ప్రతి ఇంటి నుంచీ ఒక పళ్లెం తెచ్చి బల్లల మీద పెట్టాలి. చివర్లో ఎవరి పళ్లెం వాళ్లు ఇంటికి తీసుకుపోవాలి. ఖాళీ పళ్లెంతో వెళ్లినవాళ్లు నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు. ఒకసారి మా పళ్లెం నిండుగా తిరిగొచ్చింది. పల్లె వాళ్ల పళ్లాలు చాలావరకు అట్టాగే మిగిలేవి. కానీ ఆ ఏడు పెద్ద టీచరమ్మ గారు మా పళ్లెంలోంచి ఒక బిస్కెట్టు తీసి, విరిచి, లోపలి పచ్చిదనం చుట్టూ ఉన్నవాళ్లకి చూపించి, "పచ్చిగా ఉన్నాయి, పిల్లలకి పెట్టకండి, కడుపునొప్పొస్తుంది" అన్నారు. కోపంగా అనలేదు. జాలిగా అన్నారు. అదే ఇంకా మంట.

ఆ బిస్కెట్లు మేమే టీలో ముంచుకుని తిన్నాం. అమ్మ ఒక్కటీ ముట్టలేదు. పళ్లెం కడిగి బోర్లిస్తూ మా పక్కింటి పిన్నితో ఒకే ఒక మాట అంది.

"వచ్చే ఏడు నా పళ్లెం ఖాళీగా రావాల్సిందే."

"వస్తదిలే అక్కా," అంది పిన్ని. "దార్లో కుక్కలకి పోసి రా."

పిన్ని నోరు అట్టాంటిది. దానికి భయపడి పెద్దరైతులు కూడా పత్తి చేలో గట్టు మీద నుంచే మాట్లాడేవాళ్లు.

మరుసటి ఏడు బట్టీ రోజున అమ్మ పత్తి తీయడానికి పోలేదు. ఇంకా మంచు వదలకముందే పిండి డబ్బా నెత్తిన పెట్టుకుని, రేకులు నా చేతికిచ్చి, బట్టీ దగ్గరికి బయల్దేరింది. మేం వెళ్లేసరికి సాయిబు గారు నిప్పులు లాగుతున్నారు. అమ్మ డబ్బా బట్టీ నోటికి ఎదురుగా, అందరికంటే ముందు పెట్టింది. పెట్టి పక్కనే చతికిలబడింది.

"ఏందమ్మా, ఇంత పొద్దున్నే? మీది సాయంత్రం కదా," అన్నాడాయన.

"ముందొచ్చినోళ్లది ముందు కాదా సాయిబూ?"

ఆయన గడ్డం గీరుకున్నాడు. మంచివాడే. కానీ హాస్టలుకి రొట్టెలు పోసేది ఆయనే, ఆ హాస్టలు పెద్దలందరూ మా సంఘంవాళ్లే. "నాకేం, ఎవరిదైనా ఒకటే. మీలో మీరు చూసుకోండి" అని లోపలికి పోయాడు. ఎవరిదైనా ఒకటే అన్నవాడు ఎటువైపు ఉంటాడో చిన్నదాన్నయినా నాకు అర్థమైంది.

రొట్టెలు దిగాయి. సాయిబు గారు చిటికెడు పిండి విసిరాడు. ఇంకా కోపంగా ఉంది. సందులో రిక్షా ఆగింది. పెద్ద టీచరమ్మ గారు దిగారు, వెనక పాస్టరు గారింటి నుంచి, వార్డెనుగారింటి నుంచి డబ్బాలు దిగాయి. వాటిల్లో ఎక్కువ పిండి ముందురోజు అమ్మ కలిపిందే.

ఆవిడ అమ్మని చూసి, "నువ్వేంటే ఇక్కడ? పనికి పోలేదా?" అన్నారు.

"పోలేదండి అమ్మగారూ. ఈసారి మా రేకు కూడా బిస్కెట్ల సెగలో పెట్టించుకుందామని."

"పెట్టించుకుందువుగాని. పాస్టరు గారివి అవ్వనీ ముందు."

"పాస్టరు గారివి అయ్యాక పెట్టుకుంటానండి."

"ఆ తర్వాత పెద్దలవి ఉన్నాయి కదమ్మా. అందరికీ వస్తుంది. ఏంటా తొందర? దేవుడి పండగ పూట వాదులాడుకుంటారా ఎవరన్నా?"

అంటూనే ఆవిడ చెప్పు అంచుతో మా డబ్బాని పక్కకి జరిపారు. తన్నలేదు. చేతిలో సంచులున్నాయి కాబట్టి కాలితో జరిపారంతే. డబ్బా మూత కొద్దిగా పక్కకి తొలిగింది. యాలకుల వాసన గుప్పుమంది.

నేను అమ్మ ముఖం చూశాను. తిండి వస్తువుకి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషి. అమ్మ లేచి డబ్బా మూత సరిచేసి, దాన్ని కళ్లకద్దుకుని, గోడవారకి తెచ్చుకుని కూర్చుంది. అరుస్తుందేమోనని చూశాను. అరవలేదు. అరిస్తే బాగుండునని నాకు అనిపించింది.

వాళ్ల రేకులు లోపలికి పోయాయి, బయటికొచ్చాయి. నక్షత్రాలన్నీ బంగారం రంగులో, అంచులు మాత్రం కొంచెం ఎర్రగా. ఆ వాసనకి నా నోరూరింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. తర్వాత కేకులు లోపలికి పోయాయి. పల్లె ఆడవాళ్లు ఒక్కొక్కరే డబ్బాలతో వచ్చి మా పక్కన కూర్చున్నారు. పిన్ని వచ్చి జరిగింది వింది.

"కాలితోనా?" అంది.

"కాలితోనే," అంది అమ్మ.

తర్వాత అమ్మ సాయిబు గారి దగ్గరికి వెళ్లింది. "కేకులు దిగాక బట్టీ మళ్లీ వెలిగించు సాయిబూ. మా కోసం."

"మళ్లీనా?" ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "కట్టె ఏది తల్లీ? ఉన్న తుమ్మ మొద్దులు తెల్లారి రొట్టెలకి. అవి కాలిస్తే రేపు ఊళ్లో రొట్టె లేదు."

"కట్టె మేం తెస్తే?"

"తెస్తే నాకేం అభ్యంతరం? వెలిగిస్తా."

పల్లె ఆడవాళ్లంతా డబ్బాలు నాకు, ఇంకో ఇద్దరు పిల్లలకి అప్పజెప్పి కాలవ దాటి వెళ్లిపోయారు. కాసేపటికి ఆ సందు మొదట్లో నడుస్తున్న కట్టెల అడవి ఒకటి కనపడింది. ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో మోపు. మా ఇళ్లల్లో తుమ్మ మొద్దులు ఎక్కడివి? ఇంటి వెనక వామి పెట్టుకున్న ఎండు పత్తికట్టె, మిరపకట్టె. పొయ్యిలోకి ఏడాది పొడుగునా అదే.

పెద్ద టీచరమ్మ గారు కేకు దిగేదాకా అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మోపులు చూసి, "ఇదేంటి సాయిబు గారూ, బట్టీయా, కోటప్పకొండ తిరనాళ్ల ప్రభలా?" అన్నారు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు.

కేకులు దిగాయి. పల్లె ఆడవాళ్లు మోపులు విప్పి బట్టీ నోట్లో కుక్కారు. అగ్గిపుల్ల గీసింది పిన్ని. మిరపకట్టెకి అక్కడక్కడా ఎండిపోయిన తాలుకాయలు అంటుకునే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. లేక పిన్ని చూసిందో, దానికే తెలియాలి. పొగ లేచింది. ఆ ఘాటు సందంతా పాకి, బస్టాండు దాకా పోయింది. సోడా కొట్టాయన దగ్గుతూ బండి వదిలేసి పారిపోయాడు. బస్సులో కూర్చున్నవాళ్లు కిటికీ రేకులు దించేసుకున్నారు. రిక్షా ఆయన నన్ను అనుమానంగా చూసి ముఖం తుడుచుకున్నాడు. పెద్ద టీచరమ్మ గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కేకు గిన్నె ఒళ్లో పెట్టుకుని రిక్షా ఎక్కారు. తుమ్మి, తుమ్మి, ఏదో అనబోయి మళ్లీ తుమ్మారు.

"దేవుడి పండగ పూట ఎందుకండీ అమ్మగారూ అంత కోపం," అంది పిన్ని.

మాకు దగ్గు కొత్తకాదు. మిరప కళ్లాల్లో పెరిగినవాళ్లం. మేం నవ్వుతూ దగ్గాం.

పత్తికట్టె భగ్గుమని మండింది. అట్టాంటి మంట ఆ బట్టీలో అంతకుముందెప్పుడూ చూడలేదు. నోట్లోంచి నాలుకలు బయటికొచ్చి పై మట్టిని నాకాయి. మోపులన్నీ కాలిపోయాక సాయిబు గారు బూడిద లాగి, తడి గోనె తిప్పి, పిండి విసిరాడు. పిండి పడీ పడకముందే నల్లబడిపోయింది.

"ఇప్పుడు పెట్టగూడదు," అన్నాడాయన. "పత్తికట్టె కోపం పైపైనే ఉంటదమ్మా. ఇటుక లోపలికి దిగలేదింకా. తలుపు మూసి కాసేపు వదిలెయ్యాలి. సెగ సర్దుకుంటది. పిండి ఎర్రబడ్డప్పుడు నేనే చెప్తా."

అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ సందు మొదలు వైపు చూసింది. పొగ పల్చబడుతోంది. దూరంగా రిక్షా బెల్లు వినపడింది. ఎవరి రిక్షానో.

"ఎంతసేపు ఆగాలి?" అంది.

"అది బట్టీ చెప్పాలి."

మళ్లీ బెల్లు. వార్డెనుగారి కేకు ఇంకొకటి ఉందేమో. పెద్దల ఇళ్లల్లో ఎవరికన్నా ఒక రేకు మిగిలిపోయిందేమో. మా కట్టెతో కాగిన బట్టీ ముందుకి వచ్చి, కొంచెం జరగమ్మా అంటే? జరగం అని అనగలమా? ఈ ప్రశ్న ఒక్క అమ్మ ముఖంలోనే కాదు, అక్కడున్న ప్రతి ఆడమనిషి ముఖంలోనూ కనపడింది.

"ఆగితే మనది కాదే," అంది అమ్మ. "పెట్టెయ్యండి."

"మాడిపోతాయమ్మా," అన్నాడు సాయిబు గారు.

"పెట్టెయ్యండి."

పెట్టేశారు. ఇంతచేసి ఆ రిక్షా మా సందులోకి రానే లేదు. ఎటో పోయింది.

రేకులు బయటికి లాగేసరికి మా పువ్వులన్నీ బొగ్గులు. విరిస్తే లోపల మళ్లీ అదే పచ్చిపిండి. నిరుడు తెల్లటి పచ్చివి, ఈ ఏడు నల్లటి పచ్చివి. పల్లె ఆడవాళ్లు ఎవరి రేకు ముందు వాళ్లు నిలబడిపోయారు. ఎవరూ ఏడవలేదు. పిన్ని ఒకటి తీసి రేకుకేసి కొట్టింది. టంగుమంది.

"అక్కా, వీటిని ఇస్త్రీపెట్టెలో వేసుకోవచ్చు."

అమ్మ ఒక్కొక్క బిస్కెట్టే గరిటె అంచుతో గీకి డబ్బాలో వేసుకుంది. ఆ గీకే చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆగలేకపోయారు, అదే వాళ్ల తప్పు అని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆగడం నేర్చుకోవడానికి ముందు, ఆగితే వస్తుందన్న నమ్మకం ఉండాలి కదా. ఏళ్ల తరబడి సాయంత్రం దాకా ఆగి, ఆగి, ఆ నమ్మకాన్ని ఆ సందులోనే పోగొట్టుకున్నవాళ్లు మా వాళ్లు.

క్రిస్మస్ నాడు అమ్మ ఆ బొగ్గుల్ని పళ్లెంలో పేర్చింది.

"ఎందుకే తీసుకెళ్లడం? నవ్వుతారు," అంది పిన్ని.

"మన సెగకి కాలినయ్యే. పోయినేడు వాళ్లు మిగిల్చిన సెగకి కాలినయ్ తీసుకెళ్లలా?" అంది అమ్మ.

పిన్ని ఇంటికెళ్లి తన పళ్లెం కూడా తెచ్చింది. దారిపొడుగునా ఒక్కో ఇంటి ముందు ఆగుతూ వచ్చింది. చర్చి దగ్గరికి వచ్చేసరికి పల్లె పళ్లాలన్నీ నల్లగానే ఉన్నాయి.

పాస్టరు గారు ఆ రోజు మనమంతా ఒకే కుటుంబమని చెప్పారు. బాగా చెప్పారు. తర్వాత పందిట్లో బంతులు తీరి కూర్చున్నాం. ముందు వరసల్లో పెద్దలు, తర్వాత టీచర్లు, ఆ వెనక పందిరి నిండా మా పల్లె. అప్పుడే నాకు మొదటిసారి కనపడింది, మేమెంతమందిమో. ప్రతి ఏడూ ఆ బంగారు బిస్కెట్ల పళ్లాలు ఖాళీ అయ్యేది మా చేతులతోనే. వాళ్లలో వాళ్లు తింటే ఎన్ని తింటారు?

నక్షత్రాల పళ్లెం మా వరసలోకి వచ్చింది. వడ్డించే ఆయన పిన్ని ముందు ఆగాడు.

"వద్దండి," అంది పిన్ని. అని బల్ల దగ్గరికి వెళ్లి మా నల్ల పళ్లెంలోంచి ఒకటి తీసుకుని, బొటనవేలి గోరుతో మాడు గీకి, కొరికింది. పంటి కింద కరకరలాడింది. పక్కామె కూడా వద్దండి అంది. ఆ పక్కామె కూడా. ఎవరూ గొంతు పెంచలేదు. వరస పొడుగునా అదే మాట, చాలా మర్యాదగా. అని లేచి వెళ్లి నల్లవే తెచ్చుకుని తిన్నారు.

పళ్లెం నా ముందుకి వచ్చింది. నక్షత్రం అంచున పంచదార మెరుస్తోంది. నా చెయ్యి లేచింది. అమ్మ నన్ను కొట్టలేదు, కసురుకోలేదు, చూసిందంతే. నేను చెయ్యి దించేసుకుని మా పళ్లెంలోది ఒకటి తిన్నాను. చేదు. ఆ చేదు వెనకాల ఎక్కడో యాలకులు. ఆ రోజు నా కోపమంతా అమ్మ మీదే. ఒక్క నక్షత్రం తింటే ఏం పోయేది? ఆ కోపం వెళ్లాల్సిన చోటికి వెళ్లడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

చివర్లో ఎవరి పళ్లెం వాళ్లు తీసుకోవాలి. పెద్ద టీచరమ్మ గారి పళ్లెం నిండుగా ఉంది. లేసు అల్లిన గుడ్డ పైన కప్పి, రెండు చేతుల్తో పట్టుకుని ఆవిడ అమ్మ దగ్గరికి వచ్చారు.

"ఏమే, మా బిస్కెట్లలో విషం గానీ కలిపానా?" అన్నారు.

"అయ్యో లేదండి అమ్మగారూ. కలిపింది నేనే కదండీ," అంది అమ్మ. "పిల్లలకి కడుపునొప్పొస్తుందని పెట్టలేదు."

ఆవిడకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. అన్నవాళ్లకి గుర్తుండవు కదా అట్టాంటివి.

అమ్మ ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని కాలవ కట్ట మీద నడిచింది. మిగతా ఆడవాళ్లవీ ఖాళీవే. పిల్లలం వెనకాల దగ్గుకుంటూ, ఉమ్ముకుంటూ, నల్లటి పళ్లతో నడిచాం.

ఆ మరుసటి ఏడు నుంచి బట్టీ రోజు లేదు. పల్లె వాళ్లు గొడవ చేస్తున్నారని పెద్దలు మానేశారు. ప్రేమవిందుకి గుంటూరు నుంచి బిస్కెట్ల ప్యాకెట్లు తెచ్చి, మనిషికి ఇన్నని పంచారు. ఎవరూ ఏ పళ్లెమూ తేనక్కర్లేదన్నారు. సాయిబు గారికి ఆ ఒక్కరోజు బేరం పోయింది, తర్వాత కొన్నేళ్లకి బట్టీయే పోయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. అదంతా కలిసి ఇప్పుడు 'ఒకే బట్టీ, ఒకే కుటుంబం' అయింది. బంగారు బిస్కెట్లు తిన్నవాళ్ల మనవలకి అది తీపి జ్ఞాపకం. అందులో వాళ్ల అబద్ధం కూడా లేదు. వాళ్లకి అది తీపే.

ఈ వ్యాసం ఆ అబ్బాయికి పంపిస్తాను. వేస్తాడో లేదో వాళ్ల కమిటీ ఇష్టం. ముప్పావు భాగం తీసేసి వాసనలు మాత్రం ఉంచుకుంటామంటే ఒప్పుకోను.

అమ్మ చివరి రోజుల్లో గుంటూరులో నా దగ్గరే ఉండేది. నా మనవరాలు ఒక చిన్న కరెంటు ఓవెన్ కొనుక్కుంది. ముందు అద్దం తలుపు, పక్కన తిప్పే మీటలు, ఎంత సెగ కావాలంటే అంత. అమ్మ దాని ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుని, అద్దంలోంచి లోపలి ఎర్రటి తీగల్ని చూస్తూ ఉండేది. షుగర్ ఉంది కాబట్టి బిస్కెట్లు తినేది కాదు. పిండి మాత్రం తనే కలిపేది. దారపు రీళ్లు ఇప్పుడు కొయ్యవి రావడం లేదని విసుక్కుంటూ పెన్ను మూతతో పువ్వులు నొక్కేది.

మనవరాలికి అంతా తొందర. ఓవెన్ వేడెక్కి దీపం ఆరకముందే ట్రే పెట్టెయ్యబోయేది. అమ్మ దాని మణికట్టు పట్టుకుని ఆపేది. ముసలి చెయ్యే, కానీ గట్టి పట్టు.

"ఆగవే. సెగ సర్దుకోనీ," అనేది. అని ఒకసారి వీధి తలుపు వైపు చూసి, "ఎవరూ రారులే," అనేది.